లంకల గన్నవరపు వంటయిల్లు

ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ యను రెండు పాయలుగా చీలును. ఆ రెండింటి నడుమ సముద్రము వరకు వ్యాపించిన మూడుమూలల నేలయే కోనసీమ. అందు వసిష్ఠనుండి మరల వైనతేయ మను పాయ విడివడుచోట లంకల గన్నవర మను గ్రామము కలదు. రాజోలు వైపునుండి అమలాపురమునకు పోవలెనన్నను, ఎగువ తాలూకాలనుండి అంతర్వేది తీర్థమునకు దిగవలెనన్నను బాటసారికి ఏరు దాటక తప్పెడిది కాదు. పడవ దొరకినప్పుడే ప్రయాణము. గాలి ఎదురు తిరిగినను, వరద పొంగినను ఒడ్డుననే పడిగాపులు. పూటకూళ్లయిండ్లు పట్టణములలోనే గాని పల్లెలలో అరుదు. చేతిలో డబ్బున్నవాడు సైతము ఆకలితో రాత్రి గడపవలసిన అట్టి రేవుదారిలో, పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున, ఒక గృహస్థుని యింట పొయ్యి ఆరక మండుచుండెను. ఆ పొయ్యి ముందు కూర్చున్న యిల్లాలు డొక్కా సీతమ్మ.

ఆమె 1841వ సంవత్సరము అక్టోబరు మాసమున మండపేటలో జన్మించెను. తండ్రి అనుపిండి భవానీశంకరము, తల్లి నరసమ్మ. భవానీశంకరమును ఊరివారు బువ్వన్న యని పిలిచెడివారు. ఆకలియని వచ్చినవారికి బువ్వ పెట్టుటచేత వచ్చిన పేరది. ఈ పేరును ముద్దుపేరుగా మాత్రమే తీసికొనరాదు. సీతమ్మ పుట్టుటకు ఎనిమిదేండ్ల ముందు, 1833 ప్రాంతమున, తెలుగునాట ఘోరమైన క్షామము నడచినది. ఆనకట్ట లేని ఆనాటి గోదావరి వరదనాడు ఊళ్లను ముంచి, వరద తీసినంతనే చేలను ఎండగట్టి, నీటినంతయు సముద్రమున పోసెడిది. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. కనుక బువ్వన్న పెట్టిన అన్నము కరవును కన్నులార చూచిన తరము పెట్టిన యన్నము. బాల్యముననే తల్లిని కోల్పోయిన సీతమ్మ ఆ యింటి గరిటెను చిన్ననాడే చేతబట్టెను. ఎసటిలో బియ్యమెంత పోయవలెనో లెక్కించునపుడు ఇంటివారిని మాత్రమే లెక్కించుట ఆమె ఏనాడును నేర్వలేదు.

వివాహమును గూర్చి కోనసీమలో చెప్పుకొను కథ ఆమె జీవితమునకు తగినదిగా నున్నది. లంకల గన్నవరము కాపురస్థుడు డొక్కా జోగన్న వేదము చదివినవాడు, భూవసతి గలవాడు. ఆయన ఒకనాడు పండితసభనుండి మరలి వచ్చుచు, మధ్యాహ్నము మించిపోగా మండపేటలో భవానీశంకరము నింట ఆగెనట. వేళగాని వేళ వచ్చిన యతిథికి ఆ యింటి పిల్ల విసుగులేక వండి వడ్డించిన తీరు చూచి, ఆమెను వివాహమాడ నిశ్చయించుకొనెనట. తెలుగున డొక్క యనగా కడుపు. ఇంటిపేర్లకు అర్థములు వెదకుట సాధారణముగా వ్యర్థప్రయాస. అయినను ఈ యొక్కచోట ఆ శబ్దము తనంత తానే నవ్వుచున్నట్లు తోచును.

అత్తవారింటికి వచ్చిన పిదప సీతమ్మ చేసినది ఒక్కటే పని. వచ్చినవారికి వండి పెట్టినది. వినుటకు ఇది సులభమైన మాట. అన్నదాన మనగానే మనకు పందిళ్లు, గాడిపొయ్యిలు, పంక్తులు స్ఫురించును. అవి ముందుగా తెలిసి, ముందుగా సమకూర్చుకొని చేయు సమారాధనలు. సీతమ్మ యింటికి వచ్చినవారు చెప్పి వచ్చినవారు కారు. పడవ దిగినవారు దిగినట్లు, వాన కాగలేనివారు వచ్చినట్లు, పగలనక రాత్రియనక వచ్చెడివారు. రెండు జాముల రాత్రి తలుపు తట్టిన పదిమందికి, అంగడి లేని పల్లెలో, గడియసేపటిలో కడుపునిండ పెట్టవలెనన్నచో ఆనాటి వంటతో అది సాగదు. దాని వెనుక ఏడాది పొడవునను సాగిన పని యుండవలెను. ఏ నెల పెరడు ఏది యిచ్చునో, ఏది అప్పుడే తినవలెనో, ఏది ఎండబెట్టవలెనో, ఏది ఊరవేయవలెనో తెలిసి, రాబోవు ఆకలికి ముందే మాట యిచ్చినట్లు దాచియుంచవలెను. ఆమె గొప్పతనము సగము ఔదార్యమున నున్నచో, మిగిలిన సగము ఈ గృహకృత్యమున నున్నది. చరిత్ర వ్రాసినవారు మొదటి సగమునే ఎక్కువగా పొగడిరి.

కోనసీమ వంటయింటి సంవత్సరము ఉగాదితోగాక మాఘఫాల్గునములతో మొదలగునని చెప్పవచ్చును. అప్పటికి వరికోతలు, నూర్పులు ముగిసి ధాన్యము గాదెలకు, పురులకు చేరును. వరిచేలలో చల్లిన మినుము, పెసర చేతికి వచ్చును. క్రొత్త చింతపండు గింజ తీసి, ఉప్పు చల్లి, కుండలలో అదిమి పెట్టుదురు. క్రొత్తబియ్యము పాయసమునకును, అరిసెలకును మేలేగాని నిత్యము వండుటకు పనికిరావు. అన్నము ముద్దగట్టును, ఒదుగు తక్కువ. ఏడాది మాగిన పాతబియ్యము విడివిడిగా ఉడికి ఒక గిద్దెడు ఎక్కువగా కనిపించును. కావున జనము తాకిడిగల యింటివారు ఈ యేటి ధాన్యమును వచ్చేయేటికని దాచి, నిరుటి ధాన్యమును దంపించెడివారు. గాదె అడుగుముట్టినదనగా ఒక పూట బియ్యము లేకపోవుట మాత్రమే కాదు. రాబోవు వత్సరపు వరుస తప్పినట్లు.

పిమ్మట ఎండలు. చైత్రమున మామిడిపిందెలు, లేతపనసలు వచ్చును. పనసపొట్టు కూర గోదావరి సీమ సొత్తు. చేతులకు నూనె రాచుకొని, కాయ చెక్కు తీసి, కత్తితో తునిగి తునిగి పొట్టు చేసి, చింతపండు పులుసున ఉడికించి, ఎండుమిరప పోపు వేసి, దించినపిదప ఆవ పెట్టవలెను. ఒక నడితరపు కాయ కొట్టినచో ముప్పదిమంది విస్తళ్లలోనికి వచ్చును. వైశాఖము మామిడికాయల మాసము. టెంక ముదిరిన పుల్లని కాయను టెంకతోడనే ముక్కలు కొట్టి, తడి లేకుండ తుడిచి, ఆవపిండి, కారము, ఉప్పు, నువ్వులనూనె కలిపి జాడీలకెత్తి, మూడవనాడు తిరుగకలిపి, మూతికి వాసెన కట్టిననాడు ఆ యింటికి సగము ధైర్యము చిక్కును. మిగిలిన సగము ధైర్యము మేడమీదనో, వాకిట చాపలమీదనో ఎండుచుండును. అవి మాగాయ ముక్కలు, గుమ్మడి వడియములు, చల్లలో నానిన ఊరమిరపకాయలు, వంకాయ వరుగులు. ఆ నెలలందు ఉదయము తరవాణి, మధ్యాహ్నము మామిడికాయ పప్పు, మజ్జిగ. ఎండబడి వచ్చిన బాటసారికి మొదట పెట్టవలసినది అన్నము కాదు, ఉప్పువేసిన పలుచని చల్ల. ఈ సంగతి వైద్యుడు చెప్పనక్కరలేదు. పెట్టుట యెరిగిన చేయి తానే యెరుగును.

ఆషాఢముతో గోదావరికి ఎర్రనీరు వచ్చును. ఇండుపగింజ అరగదీసి కుండలో కలిపినగాని ఆ నీరు తేరదు. ఈ వరదనెలలే గన్నవరము వంటి ఊరికి పరీక్ష. పడవలు నిలిచిపోయినకొలది ఒడ్డున జనము పెరుగుదురు. అంగడి సరకు రాదు, కట్టెలు తడియును, పెరటిలో ఆకుకూరలు బురదపాలగును. అపుడు భూమిలో దాగిన కంద, చేమ అక్కరకు వచ్చును. పందిరిమీది బచ్చలితో కలిపి వండిన కందబచ్చలి ఆ సీమవారికి నేటికిని ప్రీతి. వాక్కాయలు పప్పునకు పులుపునిచ్చును. అరటిచెట్టులో పారవేయునది లేదు. కాయ కూరకు, పువ్వు కూరకు, దూట కూరకు, ఆకు విస్తరికి వచ్చును. తడిసిన కట్టెకు బదులు ఎండిన కొబ్బరిడొక్కలు, మట్టలు పొయ్యిలోనికి పోవును. వాసెన విప్పిన జాడీ, డబ్బాలో గలగలలాడు వడియములు, ఇవి వరదనాటి రాత్రి ఒక యింటిని ఇల్లుగా నిలిపెడివి.

కార్తికమున ఉసిరికలు, దబ్బకాయలు. మార్గశిరము మొదలు పెరడు మరల నిండును. పాదులకు చిక్కుళ్లు, ఒండ్రుపట్టిన లంకనేలలలో వంకాయలు. చలినాళ్లలో తేగలు కాల్చి తిందురు. సంక్రాంతికి గుమ్మడికాయ దప్పళము, క్రొత్తబెల్లపు అరిసెలు. అక్కడికి చక్రము ఒక చుట్టు తిరిగినట్లు. సీతమ్మ యింట ఏనాడు ఏ కూర వండిరో పట్టిక వ్రాసి యుంచినవారు లేరు. అయినను పొలము, పెరడు, కొబ్బరితోపు, పాడి గల కోనసీమ గృహమునకు ఈ వరుస పంచాంగమువంటిది. దానిని కాదని వండుట ఎవరికిని సాధ్యము కాకుండెను.

ఈ సందర్భమున ఆముక్తమాల్యద జ్ఞప్తికి రాకపోదు. 1509నుండి 1529వరకు రాజ్యమేలిన కృష్ణదేవరాయలు తన కావ్యమున శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తుడు భాగవతులకు పెట్టు భోజనమును ఋతువు ననుసరించి వర్ణించెను. జడివాననాళ్లలో వరియన్నము, ఒలిచిన పప్పు, నాలుగైదు పోపుకూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నేయి. వేసవిలో నులివెచ్చని యన్నము, తీపుచారులు, అంబళ్లు, చెరకురసము, ఎడనీళ్లు, పండ్లు, చల్లని నీరు. చలికాలమున మిరియపు పొడి చల్లిన వేడివేడి కూరలు, ముక్కు మండించు ఆవపచ్చళ్లు, పాయసములు, కాగిన నేయి, పాలు. సామ్రాజ్యము నేలిన ప్రభువు వరుగులను, వడియములను ఇంత యెరిగియుండుట ఆశ్చర్యమే. అంతకన్న ఆశ్చర్యము, వానకాలమున పొగ కన్నులలో చొరకుండ కొబ్బరి పొరియలు రాజేసి వంట చేయునని ఆ గృహిణిని గూర్చి చెప్పిన సూక్ష్మాంశము. కోనసీమ యిల్లాండ్రు చేసినదియు అదియే. అయితే ఆ పద్యమున వండునది భార్య, వడ్డించి కీర్తి గొన్నది భర్త. ఆమెకు అక్కడ పేరైన లేదు. నాలుగువందల యేండ్ల తరువాత గన్నవరమున ఈ వరుస తలక్రిందులైనది. వేదపండితుడైన జోగన్న నేడు సీతమ్మ భర్తగానే లోకమునకు తెలియును. ఆయన దానికి అడ్డు చెప్పినట్లు ఏ కథయు లేదు. నిత్యము అన్యుల కొరకు తన గాదె తెరచుటకు అంగీకరించిన మగని యౌదార్యము తక్కువ యని ఎవరనగలరు?

ఆస్తి తరుగలేదా యను ప్రశ్న సహజము. తరిగిన దినములు వచ్చినవనియే చెప్పుకొందురు. అపుడు పొలమున జోగన్న గునపమునకు ధనము నిండిన బిందె తగిలెనని ఒక కథ కలదు. లెక్క కందని దాతృత్వమును చూచినపుడు ప్రజలు నిధిని కల్పించుట లోకసామాన్యము. దొరకినదో లేదోగాని, బిందెకన్న పెద్ద నిధి ఆ యింటి చుట్టునే యుండెను. ఆనకట్ట నీరు కాలువలగుండ వచ్చి చేరిన డెల్టాపొలములు ఏటేట పండినవి. 1850 దశకమున వైనతేయమీద నలుబదితొమ్మిది కమానులతో కట్టిన అక్విడక్టు ఆ నీటిని ఏటి నడిమినుండి ఆవలి లంకకు చేర్చినది. అనగా సీతమ్మ పసితనమున మొదలైన మార్పు ఆమె కాపురపు కాలమునకు ఫలించినది. బియ్యము, పప్పు, కొబ్బరి, అరటి, కూర, పాలు ఇంటివే. రొక్కమిచ్చి కొనవలసినవి స్వల్పము. కొని పెట్టుదునన్నచో ఏ భాగ్యవంతుడును ఇన్నేండ్లు పెట్టలేడు. పండించి, ఎండించి, ఊరించి పెట్టినందుననే అది సాగినది. అదియు ఊరక సాగలేదు. పురులు ఖాళీయగుట కన్నులార చూచుచు, తలుపు తట్టినవానికి లేదనకుండుటకు ఎంత గుండె కావలెనో సంసారులకు తెలియును.

ఆమె జీవితమున అందరికిని తెలిసిన ఘట్టము అంతర్వేది ప్రయాణము. వసిష్ఠ సముద్రమున కలియుచోట వెలసిన లక్ష్మీనరసింహస్వామిని దర్శింపవలెనని ఆమెకు చిరకాలముగా కోరిక. పొయ్యి విడిచిపెట్టి పోవుటకు తీరిక చిక్కక ఏండ్లు గడచినవి. తుదకు ఒకనాడు పల్లకిలో బయలుదేరెను. బోయీలు అలసట తీర్చుకొనుటకు దారిలో ఒకచోట దించిరి. అదే నీడను ఎదురుదారి నుండి వచ్చుచున్న పెండ్లివారి గుంపొకటి విశ్రమించియుండెను. ఆకలికి ఏడ్చు పిల్లలను పెద్దలు బుజ్జగించుచు, ఇంక కొంతదూరమే, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టునని ఓదార్చుచున్న మాటలు పల్లకిలోనికి వినబడినవి. ఆమె తన పేరు చెప్పలేదు. పల్లకిని వెనుకకు త్రిప్పుమని బోయీలతో చెప్పెను. వారికన్న ముందుగా ఇల్లు చేరి, వారు వచ్చునప్పటికి వంట సిద్ధము చేసెను. నరసింహస్వామి దర్శనము ఆనాటికి ఆగిపోయినది.

ఈ కథను చెప్పువారు సాధారణముగా దైవముకన్న అతిథి మిన్నయను ధర్మమును చూపుటకు చెప్పుదురు. కాని ఇందు ఒక నొప్పియు నున్నది. ఊరికి దూరముగా, ఏ చెట్టునీడనో, తన యింటి యన్నమును నమ్ముకొని నడచుచున్నవారున్నారని ఆమె ఆనాడు చెవులార విన్నది. ఇంటనున్నంతవరకు వచ్చినవారిని మాత్రమే చూచెడిది. రాబోవువారిని అట్లు ఎదురుగ చూచినపిదప ఆమెకు ఇల్లు విడుచుట ఎన్నటికిని సులభము కాదు. కీర్తి ఆమెను పొయ్యికి కట్టివేసినది. ఆ కట్టును ఆమె మనసార ఒప్పుకొనెనని మనమెరుగుదుము. అంతమాత్రమున అది కట్టు కాకపోదు.

ఆమె పేరు దొరతనమువారి చెవిని కూడ పడినది. 1902లో ఏడ్వర్డు చక్రవర్తి పట్టాభిషిక్తుడాయెను. ఆ సంబంధమైన ఉత్సవమునకు ఆమెను ఆహ్వానించిరనియు, ఆమె రాననగా ఛాయాచిత్రమైన తెమ్మని ఉత్తరువైనదనియు, ప్రచారము కొరకు పెట్టుటలేదని ఆమె చిత్రమునకును అంగీకరింపలేదనియు చెప్పుదురు. చిత్రము లేకుండ పోయినచో తన యుద్యోగము పోవునని వచ్చిన అధికారి ప్రాధేయపడగా, ఒకని నోటికాడి కూడు తనవలన పోరాదని ఒప్పుకొనెనట. ఆ చిత్రమును చక్రవర్తి ఎదుట ఆసనముపై నుంచి వందనము చేసెనను మాట మాత్రము కథకుల అలంకారము కావచ్చును. 1903 జనవరిలో ఢిల్లీలో జరిగిన దర్బారునకు చక్రవర్తి స్వయముగా రాలేదు. ఆయన తమ్ముడు కన్నాటు ప్రభువు వచ్చెను, కర్జను ప్రభువు నడపెను. అయినను ఉద్యోగము మాటకు కరగి చిత్రము తీయించుకొనెనను భాగము కల్పన యైనను ఆమె స్వభావమును పట్టి యిచ్చుచున్నది. ఆమెతో ఏ పని చేయింపవలెనన్నను ఆకలి పేరు చెప్పినచో చాలునని ఆ కథ అల్లినవారికి తెలియును.

రైలు గోదావరిని దాటి దేశమును కలిపిన తరువాత కూడ కోనసీమకు పడవయే గతి. 1900లో రాజమహేంద్రవరమువద్ద వంతెన తెరచిననాటికి సీతమ్మకు దాదాపు అరువదియేండ్లు. కనుక ఆమె ముదిమికి విశ్రాంతి రాలేదు. బాటసారులు తగ్గలేదు. పూర్వము ఆమె వడ్డించగా తిన్న పిల్లలు పెద్దవారై తమ పిల్లలతో వచ్చియుందురు. నిరతాన్నదాత్రి యనియు, అపర అన్నపూర్ణ యనియు జనులు పిలుచుచున్న బిరుదులు ఆమెకు వంటయింట ఏపాటి అక్కరకు వచ్చెనో తెలియదుగాని, మండుటెండలో వాకిట వడియముల చాపకు కాపున్న యిల్లాలికి బిరుదుకన్న కాకులను తోలు పిల్లవాడు ఎక్కువ సాయము.

1909వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదీన, అరువదియేడేండ్ల వయసున, సీతమ్మ కన్ను మూసెను. అది వైశాఖము. కోనసీమలో ఇంటింట మామిడికాయలు కొట్టి ఆవకాయ జాడీలు నింపుచుండు దినములు.

ఆమె పేరు ఆ నీటిదారికే నిలిచినది. వైనతేయమీది పాతకట్టడమునకు బదులుగా కట్టి 2000లో ప్రారంభించిన క్రొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకును ఆ పేరే ఉంచినది. గన్నవరమువద్ద కాలువనీరు నేటికిని ఏటిమీదుగా సాగి, ఆవలి లంకలోని వరిచేలకు, కొబ్బరితోటలకు దిగుచున్నది.